ఉన్నచోటే ఉండి ప్రభుత్వాన్ని ఎంచుకోవడం: యానాం అనుభవం

ఊరు విడవకుండా, పొలం అమ్ముకోకుండా, తనను పాలించే ప్రభుత్వాన్ని ఒక మనిషి మార్చుకోగలడా? తాను ఒక ప్రభుత్వం కింద, పక్కింటివాడు మరో ప్రభుత్వం కింద ఉంటూ ఇద్దరూ ఒకే వీధిలో బతకగలరా? రాజనీతి చర్చల్లో ఇది ఎక్కువగా ఊహగానే వినిపిస్తుంది. గోదావరి డెల్టాలో మాత్రం ఇది జరిగిన సంగతి. గౌతమి ఒడ్డున సుమారు ముప్పై చదరపు కిలోమీటర్ల యానాంలో గత నూట నలభై ఏళ్లలో ఈ ప్రశ్నకు చాలా రకాల జవాబులు వచ్చాయి. చట్టం కాగితం మీద రాసిచ్చిన ఎంపికలున్నాయి, సరిహద్దు దాటి జనం తామే చేసుకున్న ఎంపికలూ ఉన్నాయి. కొన్ని మనుషులకు ఊపిరి పోశాయి. కొన్ని పసిపిల్లల బతుకులు చెరిపాయి.

వీటన్నిటినీ దగ్గరపెట్టి చూస్తే నాకు తోచింది ముందే చెబుతాను. పెళ్లి, వారసత్వం, పౌరసత్వం లాంటివి మనిషిని అంటిపెట్టుకుని ఉండే వ్యవహారాలు. వీటిలో ఏ ప్రభుత్వ చట్టం తనకు వర్తించాలో ఎంచుకునే హక్కు పౌరుడికి ఇవ్వడం సాధ్యమే, కొన్ని షరతులతో మేలు కూడా. ఏటిగట్టు, మురుగుకాలువ, రోడ్డు, తుపాను షెల్టరు నేలను అంటిపెట్టుకున్నవి. వీటి విషయంలో ఎంపిక కుదరదు. దూరపు ప్రభుత్వాన్ని ఎంచుకున్నందుకు కాళ్ల కింది నేల మీద ఓటు పోగొట్టుకోవాల్సి వస్తే ఆ ఎంపిక వరం కాదు.

కాకినాడ నుంచి తాళ్లరేవు మీదుగా వచ్చేవారికి యానాం పొలిమేరలో భాష మారదు, ఇంటిపేర్లు మారవు, వంట మారదు. మారేది ప్రభుత్వం. పెట్రోలు ధర, మద్యం ధర, రేషన్ కార్డు మీది ముద్ర మారతాయి. కాకినాడ ముప్పై కిలోమీటర్ల లోపే ఉంది. యానాంను పాలించే పుదుచ్చేరి సుమారు 870 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఫ్రెంచివారు ఇక్కడ 1723లో కాలుపెట్టారు, కొన్నాళ్లకే వదిలేశారు, 1731లో మళ్లీ వచ్చారు. ఆ తరువాత యూరప్‌లో యుద్ధం వచ్చినప్పుడల్లా ఆంగ్లేయులు యానాంను పట్టుకోవడం, సంధి కుదిరితే తిరిగి ఇవ్వడం జరిగింది. 1814 పారిస్ ఒప్పందం ప్రకారం అది చివరిసారిగా ఫ్రెంచివారికి దక్కింది. ఈ చేతులు మారడాల్లో యానాం జనాన్ని అడిగినవారు ఒక్కరూ లేరు. అందువల్ల ఎంపిక చరిత్ర మొదలయ్యేది తరువాతే, 1881లో.

దానికి రెండు దశాబ్దాల ముందే ఈ ఆలోచనకు పూర్తి రూపం ఇచ్చినవాడు బెల్జియం దేశస్థుడు పాల్ ఎమీల్ ద ప్యుయిట్. వృత్తికి వృక్షశాస్త్రవేత్త, ఆర్థిక విషయాల మీద కూడా రాసేవాడు. 1860లో బ్రస్సెల్స్ పత్రికలో ‘పానార్కీ’ అనే వ్యాసం అచ్చువేశాడు. జననమరణాలు నమోదు చేసినట్టే ఎవరికి ఏ ప్రభుత్వం కావాలో నమోదు చేసే కార్యాలయం ఉండాలన్నాడు. రాజు కావాలన్నవారు రాజుకు, గణతంత్రం కావాలన్నవారు గణతంత్రానికి పన్ను కడతారు, దాని చట్టాలకు లోబడతారు, అందరూ ఒకే పట్నంలో కాపురం ఉంటారు. నచ్చకపోతే గడువు ఇచ్చి మారవచ్చు. అంతకు ముందు 1849లో బెల్జియంకే చెందిన గుస్తావ్ ద మొలినారి భద్రత అనే సేవకు కూడా పోటీ ఉండాలని వాదించాడు. మొలినారి చూపు బజారు మీద ఉంది. ద ప్యుయిట్ చూపు పౌరుడి సమ్మతి మీద ఉంది. నాకు రెండోదే బలమైన వాదంగా కనిపిస్తుంది. నేను పుట్టిన చోటు నేను ఎంచుకున్నది కాదు, మరి ఆ చోటును పట్టుకుని వచ్చే ప్రభుత్వానికి నా సమ్మతి ఉందని ఎలా అంటారన్న ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ గట్టి జవాబు చెప్పలేదు.

భారతదేశానికి ఇది పూర్తిగా కొత్త సంగతి కాదు. 1772లో వారెన్ హేస్టింగ్స్ పెళ్లి, వారసత్వం, కులాచారం లాంటి వ్యాజ్యాల్లో హిందువులకు శాస్త్రాలు, ముస్లింలకు ఖురాను వర్తించాలని నిర్ణయించాడు. చట్టం నేలతో కాకుండా మనిషితో నడిచింది. అయితే ఆ మనిషికి ఎంపిక లేదు, పుట్టుకే నిర్ణయించేది. ఆ గిరి దాటాలనుకున్నవారికి దొరికిన దారులు ఇరుకు. 1872 నాటి మూడో చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే తాము ఏ మతానికీ చెందమని ప్రకటించాలి. 1856 వితంతు వివాహ చట్టం దారి తెరిచినా, ఆ దారిలో నడవడానికి గోదావరి జిల్లాలో పాతికేళ్లు పట్టింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. చట్టం అనుమతిస్తున్నా ఊరు వెలివేసింది.

అదే ఏడాది సెప్టెంబరు 21న, వీరేశలింగం పెళ్లి జరిపించడానికి దాదాపు మూడు నెలల ముందు, ఫ్రెంచి ప్రభుత్వం తన భారత స్థావరాల కోసం ఒక ఉత్తరువు తెచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన స్త్రీ గాని పురుషుడు గాని, ఏ కులం, ఏ మతమైనా, తన పుట్టుక చట్టాన్ని వదులుకుంటున్నానని అధికారి ముందు ప్రకటిస్తే చాలు. అప్పటి నుంచి ఫ్రెంచి పౌరస్మృతే వారికి చట్టం. మతం మారనక్కరలేదు, ఊరు మారనక్కరలేదు. అలా వదులుకున్నవారిని ‘రెనోంసాంలు’ అన్నారు. చాలామంది ఫ్రెంచి ఇంటిపేర్లు పెట్టుకున్నారు. పుదుచ్చేరిలో ఈ ఉద్యమానికి ముందున్న పొన్నుతంబి పిళ్లై ‘లాపోర్త్’ అయ్యాడు. ద ప్యుయిట్ ఊహించిన నమోదు కార్యాలయం, కాస్త కుదించిన రూపంలోనే అయినా, యానాంతో సహా ఫ్రెంచి స్థావరాలన్నిటికీ వచ్చింది. కులం తనను ఏ మెట్టు మీద నిలబెట్టిందో ఆ మెట్టు దిగి వెళ్లిపోయే హక్కు, సంతకం పెట్టినంత తేలికగా దొరకడం ఆనాటి మన్యానికీ మైదానానికీ కూడా వింతే. దాన్ని చిన్నచూపు చూడడం నాకు ఇష్టం లేదు.

కాని ఆ ఉత్తరువులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, సంతకం చేశాక వెనక్కి రాలేరు. భార్యకూ మైనరు పిల్లలకూ అదే వర్తిస్తుంది. తండ్రి ఎంచుకున్న స్వేచ్ఛ బిడ్డకు పుట్టుకతో వచ్చిన కట్టుబాటు అయిపోయింది, అది మనవడి దాకా పాకింది. ఇది పాత కథ అనుకోవద్దు. 1955 హిందూ వివాహ చట్టాన్ని పుదుచ్చేరికి వర్తింపజేసినప్పుడు అక్కడి రెనోంసాంలకు ఈ చట్టం వర్తించదని అందులో ప్రత్యేకంగా ఒక ఉపవిభాగం చేర్చారు. హిందూ వారసత్వ చట్టంలోనూ అంతే. భారత పౌరులే, ఓటు ఇక్కడిదే, అయినా పెళ్లికీ ఆస్తి పంపకానికీ ముత్తాత పెట్టిన సంతకం చలామణీలో ఉంది. ఎంపికకు తిరిగి ఎంచుకునే తలుపు లేకపోతే అది ఒక తరానికి మాత్రమే స్వేచ్ఛ అని ఇంతకన్నా తేటగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

రెండో చిక్కు ఓటు దగ్గర వచ్చింది. 1884లో ఓటర్లను యూరోపియన్లు, రెనోంసాంలు, మిగిలినవారు అని మూడు జాబితాలు చేశారు. కొద్దిమందికి ఎక్కువ ప్రాతినిధ్యం దక్కింది. మిగిలినవారి నాయకుడు షణ్ముగ వేలాయుధ ముదలియార్ దశాబ్దాల పాటు పుదుచ్చేరి రాజకీయాన్ని తన చేతిలో ఉంచుకున్నాడు. 1899లో మూడు జాబితాలు రెండయ్యాయి, తమ చట్టం వదులుకుని వచ్చినవారి బలం అణగారింది. చట్టంలో ఫ్రెంచివారితో సమానం అన్నారు, ఓటులో వేరు గీత గీశారు. ఎంచుకున్న ప్రభుత్వం తనను ఎంచుకున్నవాడిని సమానుడిగా చేర్చుకుంటుందన్న హామీ ఏదీ లేదు.

ఇక చట్టం రాసివ్వని ఎంపిక. బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలను అరికట్టే శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండాలన్నది. ఫ్రెంచి యానాంలో ఆ చట్టం లేదు. చుట్టుపక్కల నుంచి పెళ్లివారు బళ్లు కట్టుకుని, పడవలెక్కి యానాం వచ్చి ముహూర్తాలు కానిచ్చి తిరిగి వెళ్లేవారు. అలా యానాంకు ‘కల్యాణపురం’ అన్న పేరు వచ్చింది. ఈ పేరును ఇవాళ కొందరు ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు ముచ్చట కలగదు. ఆ పందిళ్లలో కూర్చున్న ఎనిమిదేళ్ల, పదేళ్ల ఆడపిల్లలను ఏ ప్రభుత్వం కావాలని ఎవరు అడిగారు? ఎంచుకున్నది తల్లిదండ్రులు, అనుభవించింది పిల్లలు. నచ్చిన చట్టాన్ని ఎంచుకునే హక్కు గురించి గొప్పగా రాసేవారందరూ ఆగి ఆలోచించాల్సిన చోటు ఇది. ఇంట్లో బలమున్నవాడు ఎంచుకుంటే బలం లేనివారికి రక్షణ పోతుంది.

దీనికి బ్రిటిష్ ప్రభుత్వం వెతుక్కున్న విరుగుడు కూడా గమనించదగ్గది. 1938 సవరణతో శారదా చట్టాన్ని బ్రిటిష్ ప్రజ ఎక్కడ ఉన్నా వర్తించేలా మార్చారు. అంటే చట్టాన్ని నేల నుంచి విడదీసి మనిషికి తగిలించారు. కాకినాడ తండ్రి యానాం వెళ్లినా చట్టం అతని వెంట వెళ్లింది. మనిషితో నడిచే చట్టం తప్పించుకోవడానికే కాదు, తప్పించుకోకుండా పట్టుకోవడానికీ పనికొస్తుందన్న మాట. అలాగని ఆ సరిహద్దు చేసిన మేలును మరవలేం. అలాంటి సరిహద్దే 1908లో సుబ్రహ్మణ్య భారతికి, 1910లో అరవిందుడికి పుదుచ్చేరిలో ఆశ్రయం ఇచ్చింది. సర్కారు వేటాడే కవికి తలదాచుకునే చోటు, చిన్నపిల్ల పెళ్లికి ముహూర్తం కుదిరే చోటు ఒకే రకం గీత అవతల ఉన్నాయి. ఎవరు ఎంచుకున్నారు, ఎవరి కోసం ఎంచుకున్నారు అన్నదాన్ని బట్టే తీర్పు చెప్పాలి.

స్వాతంత్ర్యం తరువాత ఈ ప్రశ్న పెద్దదైంది. 1948 జూన్‌లో భారత్, ఫ్రాన్స్ రెండూ స్థావరాల భవిష్యత్తును ప్రజాభిప్రాయంతో తేల్చాలని ఒప్పుకున్నాయి. చందర్నగర్ ఒక్కటే నేరుగా ఓటు వేసింది. 1949 జూన్ 19న 7,463 మంది భారతదేశంలో కలవాలన్నారు, 114 మంది వద్దన్నారు. దక్షిణాన మిగిలిన స్థావరాల్లో అలాంటి ఓటింగ్ జరగలేదు. యానాంలో 1954 జూన్ 13న, ఫ్రెంచి పోలీసు శాఖలో ఒకప్పుడు పని చేసిన యానాం బిడ్డ దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో స్వయంసేవకులు ప్రవేశించి ఫ్రెంచి పాలనకు తెరదించారు. అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేస్తే 170 మంది విలీనానికి మొగ్గారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. వలస పాలన పోవాల్సిందే. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. ఒక్కొక్క మనిషినీ అడిగే అవకాశం దాటిపోయిందన్న లోటు మాత్రం ఉండిపోయింది.

ఆ లోటును కొంత పూడ్చింది 1956 మే 28న కుదిరిన అప్పగింత ఒప్పందం. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం ఆలస్యమై అది 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. స్థావరాల్లో పుట్టి అక్కడే నివసిస్తున్న ఫ్రెంచి పౌరులు ఆ రోజు నుంచి భారత పౌరులు అవుతారు. అయితే ఆరు నెలల లోపు రాతపూర్వకంగా చెప్పుకుంటే ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోవచ్చు. అలా చెప్పినవారు భారత పౌరులు ఎప్పుడూ కానట్టే లెక్క. నేల భారతదేశానిది అయింది, ఆ నేల మీది మనిషికి మాత్రం రెండు ప్రభుత్వాల్లో ఏది కావాలో చెప్పే వీలు దొరికింది. ఇల్లు అదే, వీధి అదే.

ఈ వీలును వాడుకున్నవారు కొన్ని వేలమంది, ఎక్కువగా పుదుచ్చేరి, కారైకాల్‌లలో. యానాంలో వారి సంఖ్య స్వల్పం. ఫ్రెంచి సైన్యంలోను కొలువుల్లోను పని చేసి పింఛను మీద ఆధారపడినవారు అందులో గణనీయంగా ఉన్నారు. ఆరు నెలల గడువు చదువుకున్నవాడికి చాలు. పత్రిక చదవనివాడికి, చేపలవేటకు పోయేవాడికి, పొలంలో కూలికి పోయేవాడికి ఆ గడువు వచ్చిందీ పోయిందీ తెలియాలంటే ఎవరో ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. ఎంపిక కాగితం మీద అందరికీ సమానమే, చేతికి అందడంలో సమానం కాదు. పైగా ఇక్కడా తలుపు ఒక్కసారే తెరుచుకుంది.

మరి ఎంచుకున్నవారి సంగతి ఏమిటి? ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికల్లో వారు ఓటు వేస్తారు. విదేశాల్లోని ఫ్రెంచి పౌరుల కోసం 2012 నుంచి జాతీయ సభలో 11 స్థానాలు ఉన్నాయి. భారతదేశంలోని వారు పదకొండో నియోజకవర్గంలోకి వస్తారు. ఆసియా, ఓషియానియా, రష్యా దాకా పరచుకున్న నియోజకవర్గం అది. భూమితో పని లేని పౌరసత్వం అంటే ఇదే అనవచ్చు. పింఛను, చదువు, పిల్లల భవిష్యత్తు అన్న కోణంలో అది నిజమైన మేలు. ఇప్పుడు అదే మనిషి ఇంటి ముందు మురుగు నిలిచిందనుకోండి. గౌతమి పొంగి వీధిలోకి నీళ్లు వచ్చాయనుకోండి. పారిస్‌లో ఓటున్న మనిషికి ఇక్కడి మున్సిపాలిటీలో, శాసనసభలో ఓటు లేదు. తన రోజువారీ బతుకును నడిపే ప్రభుత్వం దగ్గర అతను విదేశీయుడు.

ఏటిగట్టు విషయం ఇక్కడ కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే డెల్టాలో ప్రభుత్వం అంటే మొదట నీటి ప్రభుత్వమే. 1852లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచి ఇక్కడ ఎవరి పొలం తడవాలి, ఎవరి ఊరు మునగాలి అన్నది కాలువ తలుపుల దగ్గర తేలుతుంది. 1986 ఆగస్టు వరదల్లో ధవళేశ్వరం దగ్గర ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు దాటి నీరు పోయింది. 2022 జూలైలో పాతిక లక్షలు దాటినప్పుడు యానాం వీధులు నీట మునిగాయి. ఆనకట్ట ఆంధ్రప్రదేశ్ చేతిలో ఉంది, యానాం గట్టు పుదుచ్చేరి చేతిలో ఉంది, నీరు రెంటి మీదుగానూ వచ్చింది. ద ప్యుయిట్ చెప్పినట్టు పక్కపక్క ఇళ్లవారు వేర్వేరు ప్రభుత్వాలకు చందా కడితే, ఈ ఇంటి ముందు గట్టు ఆరడుగులు, ఆ ఇంటి ముందు నాలుగడుగులు వేయలేం. తక్కువ ఎత్తున్న చోట నుంచే ఏరు అందరి మీదికీ వస్తుంది. ఆయన ఆలోచన పూర్తిగా అమలు కాకపోవడానికి జనం వెనకబాటుతనమో, రాజ్యాల మొండితనమో మాత్రమే కారణం కాదు. కొన్ని పనులను విడగొట్టి చేయడం కుదరదు, అంతే.

వ్యక్తి ఎంపిక పక్కనే ఊరి ఎంపిక కూడా ఉంది. 1956 ఒప్పందం రెండో అధికరణం ఈ స్థావరాల ప్రత్యేక పాలనా హోదాను నిలిపి ఉంచింది. దాన్ని మార్చాలంటే ముందు ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలంది. 1979 జనవరిలో మొరార్జీ దేశాయ్ ప్రధానిగా ఉండగా పుదుచ్చేరి ప్రాంతాలను పక్క రాష్ట్రాల్లో కలపాలన్న మాట లేస్తే పుదుచ్చేరి భగ్గుమంది, ఆ ప్రతిపాదన అటకెక్కింది. యానాంకు ముప్పై సీట్ల పుదుచ్చేరి శాసనసభలో ఒక సీటు ఉంది. 2021లో ఆ సీటులో స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్, తరువాత ముఖ్యమంత్రి అయిన ఎన్. రంగసామిని ఓడించారు. తెలుగు యానాంలో అధికార భాషల్లో ఒకటి. దూరంగా ఉన్న చిన్న ప్రభుత్వంలో తమ మాటకు బరువు ఎక్కువని, దగ్గర్లోని పెద్ద రాష్ట్రంలో కలిస్తే తాము ఒక మండలం మాత్రమే అవుతామని యానాంవారు లెక్క వేసుకుంటే దాన్ని తప్పుపట్టలేను. భాషను బట్టి రాష్ట్రం ఉండాలని పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చిన జాతి మనది. ఆ జాతిలోనే ఒక ఊరు భాష కన్నా వేరే లెక్కతో తన ప్రభుత్వాన్ని నిలుపుకుంది. రెండూ గౌరవించదగ్గవే.

గోదావరికి ఎగువన ఇలా జరగలేదు. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ ఏడు ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు మే నెల ఆర్డినెన్సుతో, జూలైలో పార్లమెంటు చట్టంతో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. వాటిలో కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరికి, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం తూర్పు గోదావరికి చేరాయి. కోయలు, కొండరెడ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లవి. ఏ రాష్ట్రంలో ఉంటారని వారిని ఎవరూ అడగలేదు. భద్రాచలం పక్కనున్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు తమను తిరిగి తెలంగాణలో కలపాలని కోరుతూ వచ్చాయి. ఆసుపత్రి, బజారు, బడి అన్నీ భద్రాచలంలో, కలెక్టరు కచేరి ఇంకెక్కడో. యానాంకు ఒప్పందంలో ఒక అధికరణం ఉంది. కొండరెడ్ల ఊరికి లేదు. ఊరి జనాన్ని అడగడమన్నది విదేశీ ఒప్పందం ఉన్నచోటే తప్ప మరెక్కడా తప్పనిసరి కాకపోవడం నన్ను బాధిస్తుంది.

అదే 2014 నాటి రాష్ట్ర విభజనలో మనుషులకు ఎంపిక ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. రాష్ట్ర స్థాయి ఉద్యోగులను ఏ రాష్ట్రం కోరుకుంటారని అడిగి, కమలనాథన్ కమిటీ ద్వారా పంచారు. తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలివచ్చేవారికి గడువు పెట్టి స్థానిక హోదా ఇచ్చారు, ఆ గడువును మళ్లీ పొడిగించారు. ఉద్యోగికి దొరికిన ప్రశ్న నిర్వాసితుడికి దొరకలేదు.

సరిహద్దు జనం ఎవరూ ఇవ్వకుండానే తీసుకున్న ఎంపిక ఒకటుంది. ఆంధ్ర ఒడిశా సరిహద్దున సాలూరు ఎగువన కొటియా ఊళ్లు, ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలానికీ మహారాష్ట్రలోని జివతి తాలూకాకూ మధ్య ఉన్న పద్నాలుగు ఊళ్లు ఇందుకు ఉదాహరణలు. అక్కడ ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉంటాయి. కొటియాలో 2021లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండు ప్రభుత్వాలు తమ కోసం పోటీ పడుతుంటే గిరిజనుడికి బడీ రోడ్డూ త్వరగా వస్తాయని మొలినారి శిష్యులు సంతోషించవచ్చు, అందులో కొంత నిజం ఉంది కూడా. అయితే పోటీ సరఫరాలోనే ఉంది. భూమి పట్టా అడిగితే రెండు ప్రభుత్వాలూ కోర్టు వైపు చూపిస్తాయి.

ప్రవాస తెలుగువారి దగ్గర ఈ ప్రశ్న తలకిందులై కనిపిస్తుంది. వారు ఊరు విడిచి ప్రభుత్వాన్ని ఎంచుకున్నవారు, ఊరితో బంధం మాత్రం తెంచుకోలేదు. భారతదేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. 2005లో వచ్చిన ఓసీఐ కార్డుతో రాకపోకలు సుఖం, ఓటు లేదు, కోనసీమలో కొబ్బరితోట కొనే హక్కూ లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి 2010 సవరణతో ఓటు హక్కు వచ్చింది గాని స్వయంగా వచ్చి వేయాలి.

ఇతర దేశాలు ఈ ముడిని ఎక్కడ విప్పాయో చూస్తే మనకు పనికొచ్చేవి కొన్ని కనబడతాయి. న్యూజిలాండ్‌లో 1867 నుంచి మావోరీలకు వేరే సీట్లున్నాయి. 1975 నుంచి మావోరీ ఓటరు సాధారణ జాబితాలో ఉండాలో మావోరీ జాబితాలో ఉండాలో తానే చెబుతాడు, తరువాత మార్చుకోవచ్చు కూడా. 1881 ఉత్తరువులో లేని తలుపు ఇది. నార్వేలో 1989లో మొదలైన సామీ పార్లమెంటుకు, సామీగా నమోదు చేసుకున్నవారు దేశంలో ఎక్కడున్నా ఓటు వేస్తారు. బ్రస్సెల్స్‌లో ఫ్రెంచి బడిలో వేస్తే ఫ్రెంచి సమాజ ప్రభుత్వం, డచ్ బడిలో వేస్తే ఫ్లెమిష్ సమాజ ప్రభుత్వం చదువు బాధ్యత చూస్తాయి. రోడ్లు మాత్రం అందరికీ ఒకే నగరానివి. భాష, సంస్కృతి, చదువు మనిషిని బట్టి, రోడ్డు నేలను బట్టి అన్న పంపకం అక్కడ పని చేస్తోంది. ఇక 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందం ప్రకారం యూరోపియన్ యూనియన్ పౌరుడు ఏ సభ్యదేశంలో నివసిస్తే అక్కడి మున్సిపల్ ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. పౌరసత్వం మారనక్కరలేదు, ఊళ్లో కాపురం ఉంటే చాలు.

యానాంకు పనికొచ్చే సూత్రం నా దృష్టిలో ఈ చివరిదే. జాతీయ ప్రభుత్వం ఏదైనా ఎంచుకోనివ్వండి, వారసత్వ చట్టాన్ని పెద్దవాడైన ప్రతి రెనోంసాం మనవడూ మనవరాలూ తిరిగి ఎంచుకునేలా చేయండి, ఊరి పాలనలో మాత్రం ఊళ్లో బతికే ప్రతివాడికీ మాట ఉండాలి. ఈ సూత్రం అమలు చేద్దామంటే మొదట ఊరి పాలకులను ఎన్నుకునే ఎన్నిక ఉండాలి కదా. ఫ్రెంచి ఏలుబడిలో 1880లోనే యానాంకు పురపాలక సంఘం ఏర్పడింది. మేయరు కుర్చీ కోసం హోరాహోరీ పోటీలు జరిగేవి. భారతదేశంలో చేరాక పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో స్థానిక సంస్థల ఎన్నికలు 1968లో జరిగాక, సుప్రీంకోర్టు దాకా వెళ్లిన పోరాటం తరువాత 2006లోనే మళ్లీ జరిగాయి. 2011లో ఆ పాలకవర్గాల గడువు ముగిశాక పదేళ్లు దాటినా ఎన్నికలు పెట్టలేదు. వార్డుల విభజన, రిజర్వేషన్లు, కోర్టు స్టేలు అంటూ వాయిదాలు నడిచాయి. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ అయిదేళ్లకొకసారి మున్సిపల్ ఎన్నిక తప్పనిసరి అంది. ఆ సవరణ కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తిస్తుంది. ఫ్రెంచి పౌరుడికి మున్సిపల్ ఓటు ఇవ్వాలా వద్దా అన్న చర్చ తరువాత చేద్దాం. మెట్టకూరులో, కనకాలపేటలో, ఫరంపేటలో ఉన్న భారత పౌరుడికి ఆ ఓటు వాడుకునే రోజు ముందు ప్రకటించాలి. ప్రకటించాల్సినవారు పుదుచ్చేరిలో ఉన్నారు, అడగాల్సినవారు యానాంలో ఉన్నారు, ఆ అడగడంలో కాకినాడ, అమలాపురం, రాజమహేంద్రవరం గొంతు కలపడానికి ఏ సరిహద్దూ అడ్డం లేదు.